.22 నుంచి .32కు: ఎనిమిది ఆదివారాల రేంజి డైరీ

జూన్ 8, ఆదివారం

నాలుగేళ్లుగా .22 (అంగుళాల్లో గుండు వ్యాసం) స్పోర్ట్ పిస్టల్‌తో 25 మీటర్ల సాధన చేస్తున్న నేను, నేటి నుంచి ఎనిమిది ఆదివారాల పాటు .32 సెంటర్‌ఫైర్ పిస్టల్‌ను పట్టి చూడాలని నిర్ణయించుకున్నాను. జరిగినది జరిగినట్టు ఈ డైరీలో రాసుకుంటాను. కారణం ఒక్కటే: రెండేళ్లుగా నా స్కోరు కదలడం లేదు. నింపాదిగా గురిపెట్టి కాల్చే ముప్ఫై షాట్ల ప్రెసిషన్ దశలో 300కు 264 నుంచి 270 దాకా వస్తోంది, అక్కడే ఆగిపోతోంది. తప్పు ఎక్కడుందో నాకు నేనుగా పట్టుకోలేకపోయాను.

.32 పట్టమని చెప్పింది మా మాస్టారు. ఆయనది సూళ్లూరుపేట, కేంద్ర బలగాల్లో ఆయుధ శిక్షకుడిగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత చెన్నైలో స్థిరపడి, తాంబరం అవతలి మా క్లబ్బు రేంజిలో ఆదివారాలు నేర్పుతున్నారు. పోయిన వారం నా టార్గెట్ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "నీ .22 మంచిది నాయనా, అందుకే నీ తప్పులన్నీ అది కడుపులో పెట్టుకుంటా ఉంది. కొన్నాళ్లు .32 పట్టు, అది పెట్టుకోదు" అన్నారు. ఆ మాట వారమంతా నన్ను వదలలేదు.

క్యాలిబర్, అంటే గుండు వ్యాసం, పెరిగితే దాని వేగం కూడా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. మా క్రీడలో వాడే తూటాల విషయంలో అది తలకిందులు. .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. దాని గుండు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు ఉండి, స్టాండర్డ్ రకంలో సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో వెళుతుంది. .32 ఎస్ అండ్ డబ్ల్యు (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ తూటా 1896లో వచ్చింది. టార్గెట్ కోసం చేసే రకంలో దాని గుండు 100 గ్రెయిన్ల చుట్టుపక్కల, అంటే సుమారు ఆరున్నర గ్రాములు ఉండి, సెకనుకు 220, 230 మీటర్ల ప్రాంతంలో నింపాదిగా వెళుతుంది. బరువు రెండున్నర రెట్లు, వేగం మూడింట రెండు వంతులు. రెండింటినీ గుణించి చూస్తే చేతికి తగిలే తాకిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఇక .22లో పేలుడు రసాయనం తూటా అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి సుత్తి అంచు మీద కొడుతుంది; .32లో అడుగున నడిమధ్య విడిగా బిగించిన ప్రైమర్ (ఆ రసాయనం ఉండే చిన్న మూత) మీద కొడుతుంది. సెంటర్‌ఫైర్ అన్న పేరు దాని నుంచే వచ్చింది.

అంతర్జాతీయ నిబంధనలు 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పోటీకి 7.62 నుంచి 9.65 మి.మీ. వరకు ఏ క్యాలిబరైనా అనుమతిస్తాయి. అయినా మేటి పోటీదారుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది చదును మొహం గుండు ఉండే .32 వాడ్‌కట్టరే, ఎందుకంటే ఆ హద్దుల్లో తాకిడి తక్కువగా ఉండి గురి నిలిచే తూటా అది. మన దేశంలో మరో కారణం కూడా ఉంది. 9 మి.మీ. నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సు మీద దొరకదు; .32కు ఆ అడ్డు లేదు.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు ఒక్క తూటా కూడా పేల్చలేదు. మాస్టారు ఒప్పుకోలేదు, ఆయన ఒప్పుకోకపోవడమే మంచిదైంది.

క్లబ్బు ఆయుధాగారం నుంచి నా పేరున రాయించుకున్న పిస్టల్ పార్దినీ హెచ్‌పీ. నా వాల్థర్ జీఎస్‌పీ లాగే దీనికీ మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు ముందు భాగాన ఉంటుంది. అందువల్ల బరువు ముందుకు తూగుతుంది, బ్యారెల్ చేతికి దాదాపు సమానమైన ఎత్తులో ఉంటుంది. బ్యారెల్ కిందికి ఉన్నకొద్దీ పేలినప్పుడు మూతి పైకి లేవడం తగ్గుతుంది. ట్రిగ్గర్ బరువు కనీసం 1,000 గ్రాములు ఉండాలన్న నియమం రెండు పిస్టళ్లకూ ఒకటే. రేంజి ఆఫీసరు ఒక కిలో పరీక్ష బరువును ట్రిగ్గర్‌కు తగిలించి, మూతి నిట్టనిలువుగా పైకి పెట్టి మెల్లగా ఎత్తి చూపించారు. బరువు లేచింది, సుత్తి పడలేదు. అంటే వేలికి తెలిసే బరువులో తేడా లేదు. తేడా ఏదైనా వస్తే అది నా మనసులోంచే రావాలి.

వాడ్‌కట్టర్ తూటాను ఇంత దగ్గరగా చూడటం నాకిదే మొదలు. మామూలు తూటాకు గుండు బయటికి పొడుచుకుని, కొసన గుండ్రంగా ఉంటుంది. దీనిలో గుండు మొత్తం ఇత్తడి గొట్టంలోనే కూర్చుని ఉంది. పైనుంచి చూస్తే బూడిదరంగు సీసం బిళ్లను గొట్టం నోట అదిమిపెట్టినట్టు, అంచుకు సమంగా, చదునుగా కనిపిస్తుంది. అరచేతిలో వేసుకుంటే చిన్న మందుగొట్టం అనిపిస్తుందే తప్ప తూటా అనిపించదు. వేలికి సన్నగా మైనం జిడ్డు అంటుకుంది. ఆ చదునైన మొహం కాగితాన్ని చించకుండా, పంచింగ్ యంత్రం కొట్టినట్టు గుండ్రంగా కోస్తుందని, స్కోరు చూసేవాళ్లకు తగవు లేకుండా ఉంటుందని మాస్టారు చెప్పారు.

పిడి మాత్రం నా చేతికి కుదరలేదు. అది వేరెవరి అరచేతికో చెక్కినది; నా నడిమి వేలు కింద గోరంత ఖాళీ మిగిలింది. ఆ పిస్టల్‌ను ప్రస్తుతం ఇంకెవరూ వాడటం లేదు కాబట్టి, మాస్టారి అనుమతితో ఆ గుంటలో వుడ్ పుట్టీ పెట్టి, అరచేతిని నీటితో తడుపుకుని, గురి పెట్టేటప్పటి పట్టుతోనే పిడిని పదిహేను నిమిషాలు పట్టుకుని కూర్చున్నాను. ఆరిన తర్వాత ఆకురాయితో ఎగుడుదిగుళ్లు తీసి, ఉప్పుకాగితంతో రుద్దాను. చెన్నై చెమటకు పిడి జారకుండా ఉండాలంటే మరీ నునుపు చేయకూడదు. కొంచెం గరుకు వదిలేశాను. అరచేతి కింది పలకను మణికట్టు వైపు రెండు మిల్లీమీటర్లు బిగించాను. ఆ తర్వాత కళ్లు మూసుకుని చేయి ఎత్తి, కళ్లు తెరిచి చూస్తే ఫ్రంట్ సైట్ (గురి చూసే ముందు పలక) వెనక సైట్ గాడి నడిమధ్యనే నిలిచి ఉంది. పది సార్లలో ఎనిమిది సార్లు అలాగే వచ్చాక పిస్టల్‌ను అప్పగించి ఇంటికి వచ్చాను.

జూన్ 22, ఆదివారం

మొదటి కాల్పులు. పది షాట్లు సైట్ సరిచూసుకోవడానికి, ఇరవై షాట్లు స్కోరుకు.

మొదటి తూటా పేలినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది తాకిడి కంటే దాని తీరు. .22 చేతిలో చిటికె వేసినట్టు ఉంటుంది. .32 అరచేతి మొత్తాన్ని వెనక్కి నెడుతుంది. ఆ నెట్టు మణికట్టు దాటి మోచేతి దాకా వస్తుంది. పదునుగా తగలదు, బరువుగా తగులుతుంది. శబ్దం కూడా .22 కంటే లోతైనది. మఫ్స్ లోపల ఇయర్‌ప్లగ్స్ కూడా పెట్టుకోవడం వచ్చే వారం నుంచి అలవాటు చేసుకోవాలి.

స్కోరు 200కు 158. షాట్లు పక్కలకు పెద్దగా పోలేదు, పైనుంచి కిందికి నిలువుగా చెదిరాయి. ఎడమ కుడులు నాలుగు అంగుళాల లోపే ఉండగా, పై షాటుకూ కింది షాటుకూ మధ్య జానెడు దూరం ఉంది.

ఇందులో తూటా వాటా ఎంత, నా వాటా ఎంత అని రాత్రి కూర్చుని లెక్క వేశాను. 25 మీటర్లు దాటడానికి .22 గుండుకు 0.077 సెకను పడితే, .32కు 0.11 సెకను పడుతుంది. ఆ సమయంలో భూమ్యాకర్షణకు మొదటిది సుమారు 3 సెం.మీ., రెండోది సుమారు 6 సెం.మీ. కిందికి దిగుతాయి. కానీ ఈ దిగుడు ప్రతి షాటుకూ ఒకే తీరుగా ఉంటుంది, సైట్‌ను కొన్ని క్లిక్కులు తిప్పితే సరిపోతుంది. షాట్ల గుంపు నిలువుగా సాగడానికి అది కారణం కాజాలదు. అసలు లెక్క సైట్ల మధ్య దూరంలో ఉంది. నిబంధన ప్రకారం ముందు సైట్‌కూ వెనుక సైట్‌కూ మధ్య దూరం 220 మి.మీ. మించకూడదు. ఆ దూరం మీద ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు దిగితే, 25 మీటర్ల అవతల కాగితం మీద షాటు 11 సెం.మీ.కు పైగా దిగుతుంది. ప్రెసిషన్ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 50 మి.మీ., అంటే నడిమి నుంచి అంచుకు 25 మి.మీ. మాత్రమే. మిల్లీమీటరులో మూడో వంతు కదలిక చాలు, పది తొమ్మిదైపోతుంది. నాకు జానెడు నిలువు చెదురు వచ్చిందంటే, ఆ మూతి రెండు మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడిందన్న మాట.

కాగితం మీది రంధ్రాలు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి. మాస్టారు చెప్పినట్టే అంచు చిరగకుండా, నాణెం అచ్చులా తెగాయి. రంధ్రం .22 కంటే సుమారు 2.3 మి.మీ. వెడల్పు కాబట్టి, వలయాన్ని తాకే అవకాశం ఒక్కో వైపు ఒక మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. నా ఇరవై షాట్లలో ఆ లాభం పొందిన షాట్లు రెండు.

జూన్ 29, ఆదివారం

సగం రోజు పోయింది. పోయిన వారం మ్యాగజైన్‌ను సిమెంటు గచ్చు మీద నా చేతులారా జారవిడిచాను. పైకి ఏమీ కనిపించలేదు, తుడిచి పెట్టేశాను. ఈ రోజు మూడో షాటు తర్వాత స్లైడ్ (ప్రతి షాటుకూ వెనక్కి వెళ్లి వచ్చే భాగం) సగంలో ఆగింది. ఖాళీ చేయి ఎత్తి, మూతి టార్గెట్ వైపే ఉంచి నిలబడ్డాను. రేంజి ఆఫీసరు వచ్చి మ్యాగజైన్ తీసి చూస్తే తూటా ముక్కు చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) అంచుకు ఆనుకుని ఇరుక్కుంది. గుండ్రని గుండైతే కాస్త పక్కకు ఉన్నా జారుకుంటూ లోపలికి పోతుంది. వాడ్‌కట్టర్‌కు ఆ జారుడు లేదు. చదును మొహం సూటిగా రాకపోతే అక్కడే తగులుకుంటుంది. మ్యాగజైన్ పెదవుల్లో ఒకటి వెంట్రుకవాసి లోపలికి వంగిందని భూతద్దంలో చూస్తే తెలిసింది. దాన్ని మరమ్మతుకు పంపి, రెండో మ్యాగజైన్‌తో పదిహేను షాట్లు మాత్రం కాల్చాను. ఇకపై మ్యాగజైన్ నేలను తాకితే, సాధన ఆపి, డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) ఎక్కించి పరీక్షించిన తర్వాతే మళ్లీ వాడతాను.

జూలై 6, ఆదివారం

ఈ ఎనిమిది వారాల్లో నాకు అన్నిటికంటే విలువైన రోజు ఇదే అవుతుందని నమ్ముతున్నాను.

మాస్టారు నన్ను వెనక్కి తిరిగి నిలబడమని, మ్యాగజైన్ తానే నింపారు. ఐదు తూటాల్లో ఒకటి రెండు డమ్మీలు. ఎన్నున్నాయో, ఏ వరుసలో ఉన్నాయో నాకు తెలియదు. డమ్మీ వచ్చినప్పుడు సుత్తి పడుతుంది, పేలుడు ఉండదు. పేలుడు లేదు కాబట్టి మూతి కదలడానికి కారణమే ఉండకూడదు. కదిలితే కదిలించింది నేనే.

మొదటి షాటు పేలింది, తొమ్మిది. రెండో షాటు పేలింది, ఎనిమిది. మూడోది డమ్మీ. "టిక్" మన్న మరుక్షణంలో నా కళ్ల ముందే ఫ్రంట్ సైట్ గాడిలోంచి కిందికి మునిగిపోయింది. చేయి మొత్తం, మణికట్టుతో సహా, రాని దెబ్బను ఆపడానికి ముందుకు తోసింది. నాలుగేళ్లుగా నేను అలా చేస్తున్నానని ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ని కాను.

"చూసినావా?" అన్నారు మాస్టారు.

"చూశాను మాస్టారూ. ఇది .32 వల్ల కొత్తగా వచ్చిందా?"

"కొత్తది కాదు నాయనా. .22 దెబ్బ చిన్నది, నీ భయం కూడా చిన్నదిగా ఉండింది. పదిలో పడాల్సింది తొమ్మిదిలో పడేది, నీకు తెలిసేది కాదు. ఇప్పుడు దెబ్బ పెరిగింది, భయం పెరిగింది, కంటికి ఆనింది."

రెండు మ్యాగజైన్ల తర్వాత మాస్టారు నాకు ఒక పని అప్పగించారు. షాటు పేలాక మూతి ఎటు పోయిందో చూడొద్దు. కాగితం మీద రంధ్రం ఎక్కడ పడిందో వెతకొద్దు. ఫ్రంట్ సైట్ పైకి లేచి తిరిగి గాడిలోకి వచ్చి కూర్చునే దాకా దాన్నే చూస్తూ, ట్రిగ్గర్‌ను వెనక్కి నొక్కిపట్టే ఉంచి, మనసులో "ఒకటి, రెండు" లెక్కపెట్టి అప్పుడు చేయి దించాలి. ఫాలో త్రూ అంటే ఇదే. మాట నాకు ముందే తెలుసు, నోట్సులో రాసుకున్నాను కూడా. కానీ .32 బరువైన గుండు బ్యారెల్ దాటడానికి .22 కంటే మరికొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది. అది వెయ్యో వంతు సెకను లెక్కల్లోదే అయినా, ఆ లోపల చేయి ఏం చేస్తే అది కాగితం మీద అచ్చు పడుతుంది. షాటు ముగిసింది అని నేను అనుకునే క్షణానికి షాటు ఇంకా ముగియలేదు.

ముప్ఫై షాట్లలో పదకొండు డమ్మీలు వచ్చాయి. మొదటి ఐదింటిలో మూతి ఐదు సార్లూ మునిగింది. చివరి ఆరింటిలో రెండు సార్లు మునిగింది. ఈ రోజు స్కోరు రాయలేదు.

జూలై 13, ఆదివారం

ఇంట్లో వారమంతా నా సొంత .22తో డ్రై ప్రాక్టీసు (తూటా లేకుండా సాధన) చేశాను. ముందు తలుపు వేసి, తూటాల పెట్టె ఇంకో గదిలో బీరువాలో ఉందని చూసుకుని, చాంబర్ ఖాళీ అని రెండు సార్లు చూసి, తెల్లగోడకు ఎదురుగా రోజూ పదిహేను నిమిషాలు. టార్గెట్ లేని తెల్లగోడ ఎందుకంటే, నల్లమచ్చ ఎదురుగా ఉంటే కన్ను దాని మీదికే పోతుంది, గోడ మీదైతే ఫ్రంట్ సైట్ తప్ప చూడటానికి మరేమీ ఉండదు.

రేంజిలో .32తో ముప్ఫై షాట్లు: 300కు 249. నిలువు చెదురు సగానికి తగ్గింది. తూటాలు అయిపోవడంతో ఇంకా కాల్చడం కుదరలేదు. వాడ్‌కట్టర్లు రెండు వారాల్లో ఇస్తామన్న డీలరు ఐదో వారం గడిచినా పంపలేదు, ఫోను చేసిన ప్రతిసారీ కొత్త తేదీ చెబుతున్నారు. .22 తూటాలు సులభంగా దొరికినంతగా ఇవి దొరకవు. .32 మొదలుపెట్టాలనుకునేవారు పిస్టల్ కంటే ముందు తూటాల దారి చూసుకోవడం మేలని నా అభిప్రాయం. మాస్టారు తన కోటాలోంచి వంద తూటాలు నా సాధనకు కేటాయించి రిజిస్టరులో రాయించారు. ఆయన రుణం నేను మాటల్లో తీర్చలేను.

జూలై 20, ఆదివారం

ఈ రోజు రెండో దశ, డ్యుయల్. ప్రెసిషన్‌లో ఐదు షాట్లకు ఐదు నిమిషాలు ఇస్తారు. ఇక్కడ ఒక్కో షాటుకు మూడు సెకన్లే. "లోడ్" అన్న తర్వాత నిమిషం, "అటెన్షన్" అన్న తర్వాత చేయి 45 డిగ్రీల కోణంలో కిందికి దించి కదలకుండా ఉండాలి. ఏడు సెకన్లు గడిచాక టార్గెట్ తిరుగుతుంది. మూడు సెకన్లలో చేయి ఎత్తి, గురి కుదిరి, షాటు వదలాలి. మళ్లీ ఏడు సెకన్లు. ఇలా ఐదు షాట్లు ఒక సిరీస్, మొత్తం ఆరు సిరీస్‌లు. టార్గెట్ పెద్దది, పది వలయమే 100 మి.మీ. ఉంటుంది. అయినా ఆ ఏడు సెకన్ల నిరీక్షణలో గుండె చప్పుడు మఫ్స్ లోపల వినిపిస్తుంది.

ప్రెసిషన్‌లో భయం దాక్కోవడానికి చోటు ఉంటుంది. గురి కుదరలేదని చేయి దించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తవచ్చు. డ్యుయల్‌లో ఆ వెసులుబాటు లేదు. ట్రిగ్గర్ మొదటి దశ ఒత్తిడి చేయి పైకి లేస్తున్నప్పుడే పూర్తి కావాలి, చేయి ఆగేటప్పటికి మిగిలినది సాఫీగా జరిగిపోవాలి. నేను మొదటి రెండు సిరీస్‌ల్లో చేయి ఎత్తాక నొక్కడం మొదలుపెట్టాను, మూడో సెకను చివర గబుక్కున లాగాను, రెండు షాట్లు ఆరులో పడ్డాయి. మూడో సిరీస్ నుంచి ఎత్తుతూనే నొక్కడం ఆరంభించాను. ఆ సిరీస్ 46.

ఈ పోటీ ఒలింపిక్స్‌లో లేదు కాబట్టి మనవాళ్లకు దీని పేరు అంతగా తెలియదు. కానీ 2006లో దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా ఇదే సెంటర్‌ఫైర్ పోటీలో 600కు 590 సాధించి, అప్పటి ప్రపంచ రికార్డును సమం చేశారు. అరవై షాట్లలో పోయినవి పది పాయింట్లు. ఈ రోజు ఒక్క సిరీస్‌లోనే నేను పదకొండు పోగొట్టుకున్నాను. ఆ 590 అంటే ఏమిటో ఇప్పుడు నా చేతికి అర్థమవుతోంది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం తెచ్చిన 25 మీటర్ల పిస్టల్ పోటీలోనూ అర్హత రౌండులో ఇవే రెండు దశలు, ఇదే మూడు సెకన్ల గడువు, తూటా మాత్రం .22.

డ్యుయల్ స్కోరు 300కు 251.

జూలై 27, ఆదివారం

ఎనిమిదో ఆదివారం. రాత్రి కురిసిన వానకు రేంజి వెనక మట్టికట్ట తడిసి ఉంది. గాలి లేదు, ఎండ రాలేదు, సైట్ మీద మెరుపు పడలేదు. పూర్తి పోటీ తీరులో అరవై షాట్లు కాల్చాను. మాస్టారే ఆదేశాలు ఇచ్చారు, రేంజి ఆఫీసరు స్కోరు చూశారు.

ప్రెసిషన్ 264. డ్యుయల్ 261. మొత్తం 600కు 525.

ప్రెసిషన్‌లో .22తో నేను ఆగిపోయిన చోటి అంచుకే .32తో ఏడు వారాల్లో చేరాను. మధ్యాహ్నం మాస్టారు చెప్పగా నా .22 తీసుకుని ముప్ఫై షాట్లు కాల్చాను. ఇన్నాళ్లూ దెబ్బలా తోచిన దాని తాకిడి ఇప్పుడు దాదాపు తెలియలేదు. ఫ్రంట్ సైట్ లేచి తిరిగి గాడిలోకి రావడం మొదటిసారి చివరిదాకా చూశాను. స్కోరు 277. రెండేళ్లలో 270 దాటింది ఈ రోజే. ఒక్క రోజు స్కోరును నమ్మకూడదని తెలుసు కాబట్టి, వచ్చే నాలుగు వారాలు రెండింటితోనూ సమానంగా కాల్చి చూస్తాను.

మిగిలిన లోపం ఒకటి స్పష్టంగా ఉంది. డ్యుయల్‌లో ఆరు సిరీస్‌లలో నాలుగింట ఐదో షాటు కిందికి పడింది. చివరిది అన్న తొందరలో సిరీస్ అయిపోయినట్టే మణికట్టు సడలుతోందని మాస్టారు గమనించారు. ఆరో తూటా ఒకటి ఉందనుకుని చేయి అలాగే పట్టి ఉంచమన్నారు. దాన్ని ఇంట్లో రోజూ డ్రైగా చేయాలి.

సాయంత్రం బ్యారెల్ శుభ్రం చేశాను. ఇత్తడి బ్రష్ పది సార్లు నడిపాక బయటికి వచ్చిన గుడ్డ మీద సీసం పొరలు, మైనంతో కలిసి నల్లగా అంటుకుని ఉన్నాయి. నాలుగో గుడ్డకు తెల్లబడింది. చేతులు సబ్బుతో రెండు సార్లు కడుక్కుని, చాంబర్‌లో నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి పిస్టల్ అప్పగించాను. వచ్చే ఆదివారానికి యాభై .32 తూటాలు, యాభై .22 తూటాలు రిజిస్టరులో నా పేరున రాయించి సంతకం పెట్టి వచ్చాను.